రెండు పలకలూ ఎడమవే: ఓ చెక్క ట్రాలరు కిట్ కట్టాక

చెక్క ముక్కలు అతికించి ట్రాలరు (వల లాక్కుంటూ పోయే చేపల బోటు) బొమ్మ కట్టుకునే కిట్ ఒకటి కొన్నాను. పెట్టె విప్పగానే ముందు తాళ్ళ ప్యాకెట్టు బయటికి తీశాను. మామూలుగా అందరూ బాడీ చెక్కలు చూసుకుంటారట. నాది పదకొండేళ్ళు సోనా బోటు మీద కళాసీగా చేసిన అలవాటు. రేవు దాటకముందే మా డ్రైవరు "తాళ్ళు చూశార్రా?" అని కేకేసేవాడు. నడుం నొప్పితో బోటు దిగేశాను. ఇప్పుడు కాకినాడ జగన్నాథపురంలో మోటార్ల వైండింగు షాపు పెట్టుకున్నా ఆ కేక చెవిలోనే ఉంది.

తెలియనివాళ్ళకి ఒక మాట. మా వైపు 13, 14 మీటర్ల ట్రాల్ బోటుని సోనా అంటారు. అంతకుముందు పాబ్లో, రొయ్య, సొర్రా అని చిన్న సైజులు ఉండేవి. సోనా వచ్చాక వారం పది రోజులకి సరిపడా ఐసు వేసుకుని పారాదీప్ దాకా వెళ్ళి రావడం మొదలైంది. నేను కొన్న కిట్ సోనాది కాదు, సోనాకి కిట్ ఎవరూ చెయ్యరు. ఇది మధ్యధరా సముద్రపు ట్రాలరు, 1:35 స్కేలు. బొమ్మ పొడవు సుమారు అర మీటరు, అంటే అసలు బోటు 17, 18 మీటర్లు. మన సోనా కంటే పెద్దదే కానీ వీల్‌హౌసు (బోటు నడిపే గది) ముందు, వించి (వైరు చుట్టే యంత్రం) దాని వెనక, వలని బోటు వెనక నుంచి దింపడం, ఇదంతా మన పద్ధతే. అందుకే కొన్నాను.

కంపెనీ పేరు రాయను. పెట్టె నా చేతికొచ్చేసరికి మూడు చేతులు మారింది, కాబట్టి ఏ తప్పు ఎవరిదో నేను తేల్చలేను. పోస్టు, కస్టమ్సు, అమ్మినవాడి లాభం అన్నీ కలిపి 18,000 దాటింది. మా ఆవిడకి మాత్రం 8,000 అని చెప్పాను. (ఇది చదివితే ఇప్పుడు తెలుస్తుంది.)

బాడీ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, బాగుంది. పక్కటెముకల్లాంటి అడ్డపలకలు లేజరుతో కోసినవి, గాళ్ళల్లో టక్కున కూర్చున్నాయి. ఒకటి మాత్రం గాలిలో తేమకి వంకరపోయింది. దాన్ని నీళ్ళలో నానబెట్టి, రెండు గాజు పలకల మధ్య పెట్టి, పైన పాత మోటారు స్టేటరు ఒకటి బరువుగా పెడితే మర్నాటికి తిన్నగా వచ్చింది. చెక్క పట్టీలు రెండు వరసలు వెయ్యాలి. ముందు భాగంలో వంపు ఎక్కువ కాబట్టి పట్టీని వేడి నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచాల్సిందే. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఇసుక కాగితం పని అంతా తనదే. ఆ మూడు నెలలూ హాయిగా గడిచిపోయాయి.

కథంతా తాళ్ళ దగ్గర మొదలైంది.

కిట్‌లో రెండు రకాల దారం ఇచ్చారు. అర మిల్లీమీటరుది ఒకటి, ఒక మిల్లీమీటరుది ఒకటి. రెండూ గోధుమ రంగు నూలు దారాలే. లెక్క వేసుకోండి: ఒక మిల్లీమీటరుని 35తో గుణిస్తే మూడున్నర సెంటీమీటర్ల తాడు. మా బోటుకి లంగరు తాడు కూడా అంత లావు లేదు. పైగా ఆ రంగు తాడు తెరచాప ఓడల నాటిది. ఇప్పుడు ఏ రేవుకెళ్ళినా తాళ్ళు నీలం, ఆకుపచ్చ, నారింజ రంగు ప్లాస్టిక్కే. మా కాకినాడ కుంభాభిషేకం రేవులో ఒక్క బోటు ఎక్కి చూసినా ఆ సంగతి తెలిసిపోతుంది. కిట్ చేసినవాడు బోటుని ఒడ్డు మీంచి ఫొటో తీసుకున్నాడు గానీ డెక్కు మీద కాలు పెట్టలేదని నాకు అప్పుడే అనిపించింది.

అయినా మొదటిసారి కాబట్టి వాళ్ళు చెప్పినట్టే కట్టాను. మాస్టుని (డెక్కు మీది స్తంభాన్ని) నిలబెట్టే తాళ్ళు ముందొకటి, పక్కలకి రెండేసి, బిగువుగా లాగి కట్టి షోకేసులో పెట్టాను. దీపావళి ముందు వాయుగుండం పట్టి నాలుగు రోజులు ఒకటే వాన. ఐదో రోజు చూస్తే మాస్టు వెనక్కి విల్లులా వంగి ఉంది. వాన ఇంట్లోకి రాలేదు, కేవలం గాలిలో తేమ అంతే. నూలు దారం తేమ పీలిస్తే ఉబ్బుతుంది, ఉబ్బితే మెలి బిగుసుకుని పొడవు తగ్గుతుంది. నులక మంచం మీద నీళ్ళు చల్లి బిగించుకునే ఇళ్ళల్లో పుట్టిన మనకి ఇది ఒకరు చెప్పాలా! మరి నాకెందుకు తట్టలేదంటే, కిట్ కాగితంలో రాసింది కదా అని నా బుర్ర పక్కన పెట్టేశాను.

అన్నీ కోసి పారేశాను. టైలరు దగ్గర పాలియెస్టరు దారం నీలం, ఆకుపచ్చ రెండు రీళ్ళు కొన్నాను. పాలియెస్టరు తేమకి కదలదు. దానికి ఉన్న నూగు మాత్రం స్కేలులో పెద్ద బొచ్చులా కనబడుతుంది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర మైనం ముక్క తీసుకుని దారాన్ని దాని మీంచి రెండుసార్లు లాగితే నూగు పడుకుంటుంది. ముడి దగ్గర సూపర్ గ్లూ వాడకండి, దారం కర్రలా గట్టిపడి మెరుస్తుంది. ఫెవికాల్‌ని సగానికి సగం నీళ్ళు కలిపి సూది మొనతో ఒక చుక్క పెడితే చాలు, ఆరాక కనబడదు. సూపర్ గ్లూతో ఇంకో దెబ్బ కూడా తిన్నాను. వీల్‌హౌసు అద్దాలు దాంతో అతికించి పైకప్పు మూసేశాను. తెల్లారేసరికి అద్దాలన్నీ మంచు పట్టినట్టు తెల్లబడ్డాయి. ఆ జిగురు ఆవిరి మూసిన చోట, మన ఊరి తేమలో, తెల్లటి పొరలా పేరుకుంటుంది. గుడ్డకి కొబ్బరి నూనె అద్ది తుడిస్తే సగం పోయింది. మిగతా సగం ఉప్పు గాలి అనుకోమని మా అమ్మాయి తీర్పిచ్చింది.

ఇప్పుడు పలకల సంగతి. ట్రాల్ వల నోరు నీళ్ళలో తెరుచుకోవాలంటే రెండు పక్కలా రెండు బరువైన పలకలుండాలి. మేము బోర్డులంటాం, కొందరు డోర్లంటారు. బోటు లాగుతుంటే అవి నీళ్ళకి ఏటవాలుగా నిలబడతాయి, నీటి ఒత్తిడికి ఒకటి ఎడమకి, ఒకటి కుడికి తోసుకుపోతాయి. గాలిపటం గాలికి లేచినట్టే, కాకపోతే ఇవి పైకి బదులు పక్కకి లేస్తాయి. బోటు నుంచి వచ్చే వైరు పలక లోపలి ముఖాన ఉన్న ఇనప కమ్మీకి తగులుతుంది. వలకి పోయే తాడు బయటి ముఖాన, వెనక కొసన తగులుతుంది. కాబట్టి ఎడమ పలక, కుడి పలక అద్దంలో బొమ్మల్లా ఉండాలి, ఒకటి ఇంకోదానికి పనికిరాదు.

కిట్‌లో ఇచ్చిన రెండు లోహపు పలకలూ ఒకే అచ్చులో పోసినవి. రెండూ ఎడమవే. రెండు కాళ్ళకీ ఎడమ చెప్పు ఇచ్చినట్టు! వాటితో నిజంగా వేటకెళ్తే రెండూ ఒకే పక్కకి పోతాయి, వల నోరు మూసుకుని తాడులా మెలిపడుతుంది, డ్రైవరు నోరు మాత్రం తెరుచుకుంటుంది. అమ్మినవాడికి ఫొటోలు పెట్టి రాశాను. "సర్, ఇది అలంకరణ భాగం మాత్రమే" అని జవాబొచ్చింది. ట్రాలరుకి పలకలు అలంకరణ అయితే ఎద్దుబండికి చక్రాలు కూడా అలంకరణే.

నేనే చేసుకున్నాను. మా బోటు పలక నాలుగున్నర అడుగుల పొడవు, రెండుంపావు అడుగుల ఎత్తు. 35తో భాగిస్తే 3.9 సెంటీమీటర్ల పొడవు, ఇంచుమించు 2 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. ఐస్‌క్రీం పుల్లలు రెండు పక్కపక్కన పెడితే సరిగ్గా ఆ ఎత్తే. అడ్డంగా ఇనప పట్టీలకి మాత్రల పట్టీ వెనక రేకు సన్నగా కోసి అతికించాను, దాని మీద సూదితో వెనకనుంచి గుచ్చితే బోల్టు తలలు లేచాయి. అడుగున నేలని రాసుకుంటూ పోయే ఇనప చెప్పుకి రాగి తీగ సుత్తితో కొట్టి చదును చేశాను. ఆ చెప్పుకి నలుపు వెయ్యకండి. ఇసుకలో రాసుకుని రాసుకుని అది ఎప్పుడూ తళతళలాడుతూ ఉంటుంది, దాని పైన ఉన్న చెక్కకి మాత్రం బురద, తుప్పు. ఈ ఒక్క తేడాతో పలక నిన్ననే నీళ్ళలోంచి పైకి తీసినట్టు కనబడుతుంది.

దీపాల్లో కూడా తప్పు పట్టాను. కిట్ రంగుల కాగితంలో మాస్టు మీద పైన ఎరుపు, కింద తెలుపు అని ఉంది. అంతర్జాతీయ నియమాల్లో పైన ఎరుపు, కింద తెలుపు అంటే ట్రాల్ కాకుండా వేరే పద్ధతిలో వేటాడే బోటు. ట్రాల్ లాగే బోటుకి పైన ఆకుపచ్చ, కింద తెలుపు. చీకట్లో ఎదురొచ్చే ఓడ వాడు ఆ దీపం చూసే మన వెనక వల ఉందో లేదో తెలుసుకునేది. ఇక పక్క దీపాలు ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, అవి సరిగ్గానే ఇచ్చారు. చిన్న పూసకి రంగు మార్చడం రెండు నిమిషాల పని. కానీ పెట్టె మీద ట్రాలరు అని అంత పెద్ద అక్షరాలతో వేసుకున్నాక ఇది తప్పకూడదు.

వైరు దగ్గర మాత్రం నా షాపు నాకు అక్కరకొచ్చింది. వించి డ్రమ్ముల మీంచి పలకలకి పోయే ఉక్కు వైరుకి కూడా కిట్ వాడు అదే నూలు దారం చుట్టమన్నాడు. మా బోటులో వైరు 10, 12 మిల్లీమీటర్లది. స్కేలులో అది 0.3 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. నా దగ్గర 38 గేజి వైండింగు తీగ ఉంది, మందం 0.152. మూడు తీగలు కలిపి మెలేస్తే మొత్తం మందం 0.33 వస్తుంది, అంటే అసలు సైజులో పదకొండున్నర మిల్లీమీటర్లు. ఇంతకంటే దగ్గరగా ఏ కంపెనీ ఇవ్వదు.

మెలెయ్యడం ఇలాగ. తలుపు గడియకి మూడు తీగల కొసలు కట్టాను. రెండో కొసలు చేతి డ్రిల్లు నోట్లో పెట్టి, మూడు తీగలూ ఒకే బిగువుతో ఉన్నాయో లేదో వేలితో మీటి చూసుకున్నాను. ఒక్కటి వదులుగా ఉన్నా అది మిగతా రెండింటి చుట్టూ పాదులా పాకుతుంది, అది తాడు కాదు. నెమ్మదిగా తిప్పుతుంటే తీగ పొడవు తగ్గి డ్రిల్లు నన్ను ముందుకి లాగుతుంది. ఆ లాగుడు తెలుస్తూ ఉండాలి, ఎదురు లాగకూడదు. చాలనిపించాక ఆపి, ఒక్క క్షణం గట్టిగా సాగదీసి వదిలితే మెలి కుదురుకుంటుంది, వదిలినా చుట్టలు చుట్టుకోదు. మొదటి రెండు మూరలు చెడగొట్టాను, తర్వాత ఆరు మీటర్లు ఒక్క ఆదివారంలో అయింది. రాగి మెరుపు పోవడానికి పల్చటి నలుపు, అక్కడక్కడ మట్టి రంగు. అసలు వైరు గ్రీజు పూసి పూసి అలాగే ఉంటుంది.

డ్రమ్ము నిండా వైరు చుట్టక్కర్లేదు. నీళ్ళ లోతుకి నాలుగైదు రెట్లు వైరు వదలాలి కాబట్టి అసలు డ్రమ్ము ఎప్పుడూ లావుగానే ఉంటుంది. లోపల కాగితం చుట్టి లావు చేసి, పైన రెండు వరసలు వైరు వేస్తే చాలు. వించి మాత్రం కిట్‌లోదే వాడాను, పళ్ళు బాగా వచ్చాయి. పాత లారీ డిఫరెన్షియల్ పెట్టి చేసిన మా బోటు వించికీ ఈ నాజూకు వించికీ పోలిక లేదనుకోండి, అయినా పోనీలే అని వదిలేశాను. అన్నీ మార్చుకుంటూ పోతే కిట్ కొనడం ఎందుకు?

వల చూసి మాత్రం నవ్వొచ్చింది. ఇచ్చిన గుడ్డ కన్ను నాలుగు మిల్లీమీటర్లు. అసలు సైజులో 14 సెంటీమీటర్లు. అందులోంచి రొయ్య సంగతి దేవుడెరుగు, కిలోన్నర చేప కూడా నమస్కారం పెట్టి వెళ్ళిపోతుంది. వల చివర చేప చేరే సంచి దగ్గర కన్ను 40 మిల్లీమీటర్లు అనుకుంటే స్కేలులో 1.1 రావాలి. చిరిగిన దోమతెర సరిగ్గా ఆ కొలతలోనే దొరికింది. టీ డికాక్షన్‌లో ఒక రాత్రి నానబెడితే కొత్త తెలుపు పోయింది. వల నోటి పై తాడుని తేల్చే బెండ్లకి కిట్‌లో ఆరు తెల్ల పూసలు. మెయిన్ రోడ్డు ఫ్యాన్సీ షాపులో 5 మిల్లీమీటర్ల నారింజ పూసల ప్యాకెట్టు 30 రూపాయలు, అవే కట్టాను. కింది తాడుకి గొలుసు కోసం మా అమ్మాయి పాత రోల్డుగోల్డు పట్టీ బలి అయింది.

ఇంకొకటి నా సొంతంగా కలిపాను. తాబేళ్ళు తప్పించుకునే టెడ్. సంచికి ముందు కోడిగుడ్డు ఆకారంలో ఒక కమ్మీల చట్రం, పొడవు సుమారు మీటరు. రొయ్య కమ్మీల సందుల్లోంచి సంచిలోకి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి జారి, పైనున్న కంతలోంచి బయటపడుతుంది. ఇది సరిగ్గా వాడట్లేదనే 2019 నుంచి మన సముద్రంలో పట్టిన రొయ్యని అమెరికా కొనడం ఆపేసింది. బోటు మీదున్న రోజుల్లో మేమూ దాన్ని చూసి చేప పోతుందని విసుక్కున్నవాళ్ళమే. బొమ్మలో మాత్రం శ్రద్ధగా పెట్టాను. 28 గేజి తీగతో ఐదు కమ్మీలు, 29 మిల్లీమీటర్ల చట్రం, టంకం వెయ్యడానికి భూతద్దం కావలసి వచ్చింది.

చిన్నాచితకా అలంకరణలో బోటు పక్కలు గుద్దుకోకుండా కట్టే ఫెండర్లు కిట్‌లో తెల్లగా గుండ్రంగా ఇస్తే తీసేసి, కుళాయి రబ్బరు రింగులు వేలాడదీశాను, ఆటో టైర్ల లెక్కన. ముందు కొమ్ముకి పసుపు, కుంకుమ, ఒక వేపరెమ్మ. వేపరెమ్మ కోసం ఎండిన తులసి పూత వాడాను. వీల్‌హౌసు మీద ఐఎన్‌డి ఏపీ అని మొదలయ్యే నంబరు, లోపల గంగమ్మ పటం గోరంత. తుప్పు చారికలు మాత్రం ఎక్కడపడితే అక్కడ వెయ్యకండి. నీళ్ళు కారే కంతల కింద, వైరు రాసుకునే చోట, లంగరు కింద, ఈ మూడు చోట్ల పై నుంచి కిందికి ఒక్క గీత చాలు. మన బోట్లకి ఏటా వేట నిషేధం రోజుల్లో రంగు పడుతుంది, అంత దిక్కులేనివేం కావు.

కొనాలా అంటే, బాడీ కట్టే సరదా ఉంటే కొనండి. దానికి నేను ఐదుకి నాలుగున్నర ఇస్తాను. తాళ్ళకీ వలకీ ఒకటి. పలకలకి సున్నా. పైన నేను పెట్టిన ఖర్చు 400 రూపాయల లోపే, కాబట్టి అసలు బాధ డబ్బు కాదు. డెక్కు ఎప్పుడూ చూడనివాళ్ళు ఆ కాగితాన్ని నమ్మి కట్టి, అదే ట్రాలరు అనుకుంటారు. అలాంటివాళ్ళు కట్టే ముందు ఒకసారి కాకినాడో భైరవపాలెమో వచ్చి ఏదైనా బోటు ఎక్కండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అన్నీ రేవులోనే ఉంటాయి. టీ ఇప్పిస్తే ఎవరైనా చూపిస్తారు.

మా బావగారు ఇప్పటికీ సోనా డ్రైవరే. మే నెలలో వేట లేక ఇంటికొచ్చినప్పుడు బొమ్మ చూపించాను. చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పలకలు చూసి తలూపాడు, వైరు చూసి "ఇది కొన్నావా బావా?" అన్నాడు. చేశానంటే నమ్మలేదు. తర్వాత సంచి దగ్గర ఆగిపోయాడు.

"దీని కొస అతికించేశావేంటి?"

"కాగితంలో అలాగే ఉంది బావా."

"మరి చేప ఎలా తీస్తావు, కత్తితోనా?"

నిజమే. సంచి కొస ముడి ఒక్క లాగుకి ఊడిపోవాలి. పైకి ఎత్తి, డెక్కు మీదకి తెచ్చి, ముడి తాడు ఒక్క గుంజు గుంజితే చేపంతా కింద పడాలి. పదకొండేళ్ళు ఆ ముడి కింద నిలబడి కూడా నేనది మర్చిపోయాను. బ్లేడుతో కొస కోసి, నీలం దారం ఆయన చేతికిచ్చాను. అంత లావు వేళ్ళు, అంత సన్న దారం. పట్టకారు ఇస్తే వద్దన్నాడు. మూడుసార్లు జారిపోయింది, నాలుగోసారి పడింది. మా అమ్మాయి వంటింట్లోంచి చిటికెడు గసగసాలు తెచ్చి సంచిలో పోసింది. కప్పీ మీంచి తాడు లాగి సంచిని డెక్కు మీదకి లేపాను. బావ చిటికెన వేలి గోరుతో దారం కొస పట్టుకుని లాగాడు. గసగసాలన్నీ జలజలా డెక్కు మీద పడ్డాయి.

"చూస్తావేంటి," అన్నాడు, "ఐసు వెయ్యి."